కళ్ళజోడు ఇచ్చాం సరే, లెన్స్ దేనితో చేశారు?



ఈ సంచికలో నేను ఇంతవరకు చదువుల గురించో, స్కాలర్‌షిప్పుల గురించో రాస్తూ వచ్చాను. ఈసారి కళ్ళజోళ్ళ గురించి రాస్తున్నాను. మన ఉచిత కళ్ళజోళ్ళ పంపిణీలో నా వల్ల ఒక పొరపాటు జరిగింది. దాన్ని మీ ముందు పెట్టాలి. అలాంటిది మళ్ళీ జరగకుండా ఉండాలంటే, డబ్బు ఇచ్చే మీకూ, కొనే మాకూ లెన్స్ అంటే ఏమిటో కొంత తెలియాలి.

రెండేళ్ళ క్రితం కమిటీ సమావేశంలో నేనే లేచి మాట్లాడాను. “పిల్లలకి ఇచ్చే జోళ్ళు ఆటల్లో పగిలిపోతున్నాయి. ఈసారి అందరికీ పాలీకార్బొనేట్ లెన్సులు వేయిద్దాం. ఖరీదు కాస్త ఎక్కువైనా పగలవు” అన్నాను. సైన్సు మాస్టారు చెప్పాడు కదా అని అందరూ ఒప్పుకున్నారు. టోకున తీసుకుంటే తక్కువకి వస్తాయని ఫ్రేములు కూడా ఒకే సైజువి తీసుకున్నాం. చాలామంది పిల్లలకి అవి బాగానే పనికొచ్చాయి.

మా బడిలో ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయికి మాత్రం పనికిరాలేదు. ఆమె సైటు రెండు కళ్ళకీ మైనస్ 6. జోడు పెట్టుకున్న వారంలోనే నా దగ్గరికి వచ్చి, “సార్, బోర్డు మీద అక్షరాల పక్కన ఒకవైపు నీలం, ఒకవైపు ఎర్రటి చార కనిపిస్తోంది. సాయంత్రానికి తల నొప్పి వస్తోంది” అంది. “కొత్త జోడు కదమ్మా, అలవాటైపోతుందిలే” అన్నాను. తరగతిలో ఏళ్ళ తరబడి కాంతి పాఠం చెబుతున్న నేను, నా ముందు నిలబడి కాంతి పాఠం చెప్పిన పిల్ల మాట వినిపించుకోలేదు.

మూడు నెలల తర్వాత ఆమె లెక్కల నోటుపుస్తకంలో అంకెలు తప్పుగా ఎక్కడం గమనించాను. జోడు సంచిలో ఉంది. పక్కపిల్ల పుస్తకం చూసి రాసుకుంటోంది. ఇంటికి వెళ్ళి అడిగితే వాళ్ళ దాదీమా తల దించుకుని, “మాస్టర్ సాబ్, సవాబు కోసం ఇచ్చిన వస్తువుకి వంక పెట్టకూడదని నేనే చెప్పాను” అంది. పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని పోట్లాడినట్టు ఉంటుందని ఆమె భయం. కానీ ఇక్కడ నిజంగానే కుంచం తక్కువైంది. కొలిచి ఇవ్వనిది మేము.

తీసుకునేవాళ్ళు నోరు విప్పి చెప్పరు. అందుకే ఇచ్చేవాళ్ళే ముందుగా అడిగి తెలుసుకోవాలి. ఆ అమ్మాయి చూసిన రంగుల చార ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాం.

లెన్స్‌లో దాగిన ఇంద్రధనుస్సు

పెద్ద మసీదుల్లో, పాత హవేలీల్లో వేలాడే గాజు ఝూమర్‌ని చూసే ఉంటారు. అసర్ వేళ కిటికీలోంచి వాలుగా వచ్చిన ఎండ దాని మీద పడితే గోడ మీద ఎరుపు, పసుపు, నీలం మరకలు కనిపిస్తాయి. ఆ రంగులు గాజులో లేవు. తెల్లటి ఎండలోనే ఉన్నాయి. గాజు వాటిని విడదీసింది, అంతే.

ఎలా విడదీసింది? కవాతు చేస్తున్న పిల్లల వరసను ఊహించుకోండి. గట్టి నేల మీద నడుస్తున్న వరస ఏటవాలుగా బురదలోకి దిగితే, ముందు దిగిన పిల్లవాడు నెమ్మదిస్తాడు, ఇంకా గట్టినేల మీదున్నవాడు అదే వేగంతో నడుస్తాడు. దాంతో వరస మొత్తం పక్కకి తిరుగుతుంది. గాలిలోంచి గాజులోకి వెళ్ళే కాంతి కూడా ఇలాగే నెమ్మదించి వంగుతుంది. మన పాఠ్యపుస్తకాలు దీన్నే వక్రీభవనం అంటాయి. కళ్ళజోడు పనిచేసేది ఈ వంపు వల్లే.

చిక్కేమిటంటే, ఆ బురదలో అన్ని రంగులూ ఒకే వేగంతో నడవవు. నీలం ఎక్కువ నెమ్మదిస్తుంది, ఎక్కువ వంగుతుంది. ఎరుపు తక్కువ వంగుతుంది. ఒకే చోటికి చేరవలసిన నీలం, ఎరుపు కాస్త దూరం దూరంగా పడతాయి. దీన్ని కాంతి విక్షేపణం అంటారు. ఆకాశంలో ఇంద్రధనుస్సుకు కారణమైన ఈ పనే కళ్ళజోడులో మాత్రం లోపంగా మారుతుంది.

ఈ విద్యలో మన పూర్వీకుల పాలు తక్కువేం కాదు. 984లో బాగ్దాదులో ఇబ్న్ సహ్ల్ రాసిన గ్రంథంలో కటకాల ఆకారాన్ని లెక్కగట్టడానికి వక్రీభవన నియమాన్ని వాడాడు. బస్రాలో పుట్టి కైరోలో స్థిరపడిన ఇబ్న్ అల్ హైథమ్ తన ‘కితాబుల్ మనాజిర్’లో, చూపు కంటినుంచి బయటికి వెళ్ళదనీ, వస్తువునుంచి వచ్చే కాంతే కంటిలోకి చేరుతుందనీ వాదించి నిరూపించాడు. ఆయన గ్రంథానికి వ్యాఖ్యానం రాసిన కమాలుద్దీన్ అల్ ఫారిసీ 14వ శతాబ్దపు తొలినాళ్ళలో నీళ్ళు నింపిన గాజు గోళాన్ని వానచినుకుగా తీసుకుని, అందులో కాంతి ఎలా వంగితే ఇంద్రధనుస్సు వస్తుందో పరిశీలించాడు. తెల్లని కాంతిలోనే రంగులన్నీ ఉన్నాయని 1672లో న్యూటన్ ప్రచురించిన పట్టకం ప్రయోగాలు స్పష్టం చేశాయి.

ఒక సంఖ్య చెప్పే నిజం

ఏ పదార్థం రంగులను ఎంత విడదీస్తుందో చెప్పడానికి ఒక సంఖ్య ఉంది. జర్మనీలోని యేనా నగరంలో జైస్ సంస్థలో పనిచేసిన ఎర్న్‌స్ట్ అబ్బె అనే భౌతిక శాస్త్రవేత్త పేరు మీద దాన్ని అబ్బె సంఖ్య అంటారు. అది ఎంత ఎక్కువుంటే రంగులు అంత తక్కువగా విడిపోతాయి, చూపు అంత శుభ్రంగా ఉంటుంది. తక్కువైతే రంగుల అంచులు ఎక్కువ. మా పిల్లలకి నేను ఇలా గుర్తు చెబుతాను: ఆ సంఖ్య మరీ తగ్గితే కన్ను “అబ్బే, బాగోలేదు” అంటుంది.

దుకాణంలో దొరికే ముఖ్యమైన లెన్స్ పదార్థాలను ఈ లెక్కన ఒక్కొక్కటిగా చూద్దాం.

గాజు: అబ్బె సంఖ్య సుమారు 59. చూపు చాలా శుభ్రం, గీతలు తొందరగా పడవు. కానీ నీటికి రెండున్నర రెట్లు బరువు. దెబ్బ తగిలితే పగిలి కంటిలోనే గుచ్చుకోవచ్చు. మన చిన్నప్పటి ‘సోడాబుడ్డి కళ్ళద్దాలు’ ఇవే. సాయంత్రానికి ముక్కు మీద గుంట పడేది. పిల్లలకి ఇవి ఇవ్వనే కూడదు.

సీఆర్-39: దుకాణాల్లో ‘ఫైబర్’ అనో, ‘మామూలు ప్లాస్టిక్’ అనో పిలిచేది చాలావరకు ఇదే. అమెరికాలో కొలంబియా రెసిన్ల వరసలో 39వ మిశ్రమం కాబట్టి ఈ పేరు వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బాంబర్ విమానాల ఇంధన ట్యాంకులకు వాడిన ఈ పదార్థంతో 1947లో కళ్ళజోడు లెన్సులు చేశారు. అబ్బె సంఖ్య 58. అంటే చూపులో దాదాపు గాజుతో సమానం, బరువులో దాదాపు సగం. చవకైనది కూడా. ‘చవక కాబట్టి నాసిరకం’ అనుకుంటాం గానీ, చూపు స్పష్టత వరకు ఇది ఖరీదైన చాలా లెన్సులకన్నా మెరుగు.

పాలీకార్బొనేట్: 1953లో జర్మనీలో, అమెరికాలో రెండు సంస్థలు విడివిడిగా కనుగొన్న పదార్థం. చంద్రుడి మీద దిగిన వ్యోమగాముల శిరస్త్రాణానికి ముందున్న గుండ్రటి పారదర్శక తొడుగు దీనితో చేసిందే. అంత గట్టిది. సీఆర్-39 కంటే తేలిక, పలుచన. అతినీలలోహిత కిరణాలను తనంతట తానే దాదాపు పూర్తిగా ఆపుతుంది. కానీ దీని అబ్బె సంఖ్య 30 మాత్రమే. పైగా మెత్తటి పదార్థం కాబట్టి హార్డ్ కోటింగ్ లేకపోతే గీతలు తొందరగా పడతాయి.

ట్రైవెక్స్: 2001లో వచ్చింది. పాలీకార్బొనేట్‌లాగే దెబ్బలకు తట్టుకుంటుంది. అబ్బె సంఖ్య 43 నుంచి 45 దాకా. ఇంకా తేలిక. పెద్ద పవర్లలో మాత్రం పాలీకార్బొనేట్ కంటే కాస్త మందంగా ఉంటుంది. అన్ని ఊళ్ళలో సులువుగా దొరకదు.

హై ఇండెక్స్: ‘థిన్ లెన్స్’ అని అమ్మేవి ఇవే. 1.60, 1.67, 1.74 అనే సంఖ్యలు వాటి వక్రీభవన గుణకాలు. ఆ అంకె పెరిగేకొద్దీ కాంతిని ఎక్కువ వంచుతుంది కాబట్టి లెన్స్ పలుచనవుతుంది. 1.60 రకాల్లో బాగా వాడుకలో ఉన్నదానికి అబ్బె సంఖ్య సుమారు 41. 1.67కి 32. 1.74కి 33. అంటే అన్నింటికన్నా ఎక్కువ డబ్బు పెట్టి కొన్న పలుచటి లెన్స్ రంగుల విషయంలో పాలీకార్బొనేట్‌కి దగ్గరగానే ఉంటుంది. మనం ఆ డబ్బు పెట్టేది పలుచదనానికి.

దీన్నిబట్టి తేలిన మొదటి పాఠం ఇది: అన్ని గుణాలూ ఉన్న లెన్స్ లేదు. ఒకటి బలం ఇస్తే స్పష్టతలో కొంత తీసుకుంటుంది. ఇంకొకటి పలుచదనం ఇచ్చి రంగుల్లో కొంత తీసుకుంటుంది. ధర చూసి మంచిచెడ్డలు తేల్చలేం.

నల్లబల్ల దగ్గర లెక్క

మరి అదే పాలీకార్బొనేట్ మిగతా పిల్లలకి ఎందుకు ఇబ్బంది పెట్టలేదు? దీనికి చిన్న లెక్క చాలు.

ప్రతి లెన్స్‌కీ ఒక దృక్ కేంద్రం ఉంటుంది. దానిగుండా నేరుగా చూస్తే కాంతి వంగదు కాబట్టి రంగులూ విడిపోవు. కేంద్రంనుంచి పక్కకి జరిగి చూసేకొద్దీ లెన్స్ పట్టకంలా పనిచేస్తుంది. కేంద్రంనుంచి ఎన్ని సెంటీమీటర్లు జరిగామో దాన్ని లెన్స్ పవర్‌తో గుణిస్తే వంపు ఎంతో వస్తుంది. ఆ వంపును అబ్బె సంఖ్యతో భాగిస్తే నీలానికీ ఎరుపుకీ మధ్య ఎడం వస్తుంది. ఈ లెక్కలో ఒక యూనిట్ అంటే మీటరు దూరంలో ఒక సెంటీమీటరు.

మైనస్ 2 పవరున్న పిల్లవాడు కేంద్రానికి ఒక సెంటీమీటరు పక్కనుంచి చూస్తున్నాడనుకుందాం. వంపు 2. పాలీకార్బొనేట్ అయితే 2ని 30తో భాగించాలి, సుమారు 0.07. నాలుగు మీటర్ల దూరంలో ఉన్న నల్లబల్ల మీద అది 3 మిల్లీమీటర్లకన్నా తక్కువ. ఈ ఎడం 0.1 దాటితేనే సాధారణంగా మనిషికి తెలుస్తుందని దృష్టి శాస్త్రంలో ఒక అంచనా. ఆ పిల్లవాడికి ఏమీ తెలియదు. సీఆర్-39 వేసినా, పాలీ వేసినా అతనికి ఒకటే.

ఇప్పుడు మైనస్ 6 తీసుకుందాం. అదే ఒక సెంటీమీటరుకి వంపు 6. సీఆర్-39 అయితే 0.1, బల్ల మీద 4 మిల్లీమీటర్లు. అంటే సరిగ్గా గీత మీద ఉంది. 1.60 రకం అయితే 0.15, బల్ల మీద 6 మిల్లీమీటర్లు. పాలీకార్బొనేట్ అయితే 0.2, బల్ల మీద 8 మిల్లీమీటర్లు. సుద్దముక్కతో గీసిన గీత మందమే సుమారు అర సెంటీమీటరు ఉంటుంది. రంగుల ఎడం గీత మందాన్నే మించిపోతే 3 ఏదో, 8 ఏదో ఆ పిల్లకి ఎలా తెలుస్తుంది? చాలామందికి అది రంగుగా కూడా కనిపించదు, మసకగా మాత్రమే ఉంటుంది. ‘పవర్ సరిపోలేదేమో’ అని మళ్ళీ పరీక్ష చేయిస్తారు. పవర్ సరిగ్గానే ఉంటుంది.

అంతకన్నా పెద్ద తప్పు

ఆ అమ్మాయిని పట్టణంలో తెలిసిన కళ్ళ టెక్నీషియన్ దగ్గరికి తీసుకువెళ్ళాను. ఆయన ముందు పవర్ చూడలేదు. స్కేలు తీసి కనుపాపల మధ్య దూరం కొలిచాడు. దుకాణం భాషలో దీన్ని పీడీ అంటారు. అది 58 మిల్లీమీటర్లు. జోడులో రెండు లెన్సుల కేంద్రాల మధ్య దూరం 66. మేము టోకున కొన్న పెద్ద ఫ్రేము ఆ పిల్ల ముఖానికి వెడల్పయింది, కేంద్రాలు ఒక్కో వైపుకి 4 మిల్లీమీటర్లు జరిగిపోయాయి.

మైనస్ 1 పిల్లవాడికి ఆ 4 మిల్లీమీటర్లు లెక్కలోకి రావు. మైనస్ 6కి మాత్రం ఒక్కో కంటికి 2.4, రెండు కళ్ళకీ కలిపి 4.8 యూనిట్ల వంపు. అంటే నేరుగా చూసినా ఆమె పట్టకంలోంచే చూస్తోంది. రెండు కళ్ళూ బయటికి లాగి పట్టుకుంటే గానీ బొమ్మ ఒకటి కాదు. తలనొప్పి దానివల్లే. ఇక కళ్ళు పక్కకి తిప్పితే రంగులు ఇంకా విడిపోయేవి. పదార్థం చేసిన తప్పుకన్నా, కొలత తీసుకోకపోవడం పెద్ద తప్పు. ఆ రెండూ కలిసి పిల్ల చదువు మీద పడ్డాయి.

ఆయన చిన్న గుండ్రటి ఫ్రేము తీసుకుని, పీడీకి సరిపోయేలా 1.60 లెన్సులు బిగించాడు. చిన్న ఫ్రేములో కన్ను కేంద్రానికి దూరంగా పోయే చోటే తక్కువ. అంచు మందం, బరువు కూడా తగ్గుతాయి. జోడు పెట్టుకుని ఆ అమ్మాయి గోడమీది క్యాలెండరు చూసి, “సార్, రంగు చార దాదాపు పోయింది” అంది. ‘దాదాపు’ అన్న మాట సరైనది. లెక్క ప్రకారం కూడా పూర్తిగా పోదు.

స్పష్టతను తినేసే మరో మూడు

రంగుల చార ఒక్కటే కాదు, లెన్స్ స్పష్టతను తగ్గించేవి ఇంకా ఉన్నాయి.

మొదటిది మెరుపు. లెన్స్ మీద పడిన కాంతిలో కొంత తిరిగి వెనక్కి పోతుంది. సీఆర్-39లో రెండు ముఖాలూ కలిపి సుమారు 8 శాతం, పాలీకార్బొనేట్‌లో 10 శాతం, 1.74 లెన్స్‌లో 14 శాతం దాకా పోతుంది. రాత్రిపూట లైట్ల చుట్టూ నీడబొమ్మలు కనిపించేది అందుకే. దీనికి మందు ఏఆర్ కోటింగ్. పలుచటి లెన్సులు కొంటే ఈ కోటింగ్ కూడా వేయించాలి. లేకపోతే పెట్టిన డబ్బులో కొంత వృథా.

రెండోది పసుపు ఛాయ. ఇప్పుడు ప్రతి దుకాణంలో ‘బ్లూకట్’ వేయించమంటారు. ఇది నీలం కాంతిలో కొంత భాగాన్ని ఆపుతుంది కాబట్టి తెలుపు కాస్త పచ్చగా, లేత నీలం కాస్త మాసినట్టుగా కనిపిస్తాయి. కంప్యూటర్ ముందు కళ్ళ అలసట తగ్గించడంలో మామూలు లెన్సులకన్నా వీటివల్ల ప్రయోజనం కనబడలేదని, 17 ప్రయోగాలను పరిశీలించి 2023లో ప్రచురించిన కోక్రేన్ సమీక్ష తేల్చింది. మన పంపిణీలో కుట్టుపని, మగ్గం పని, జర్దోసీ చేసే అక్కచెల్లెళ్ళు ఉంటారు. దారాల్లో ఛాయల తేడా పట్టుకోవడమే వాళ్ళ జీవనాధారం. వాళ్ళకి పసుపు ఛాయ లెన్స్ ఇస్తే మేలుకన్నా కీడే ఎక్కువ. అదనపు డబ్బు పెట్టి ఇది వేయించే బదులు ఆ డబ్బుతో మరో జోడు ఇవ్వవచ్చు.

మూడోది గీతలు. చున్నీ అంచుతోనో, చొక్కా కొసతోనో పొడిగా తుడిస్తే, లెన్స్ మీదున్న దుమ్మూ సుద్దపొడీ గరుకు కాగితంలా గీస్తాయి. గీతలు పడిన లెన్స్ కాంతిని నలుదిక్కులా చెదరగొడుతుంది. చిన్న పవర్ల పిల్లల్లో చూపు పాడయ్యేది అబ్బె సంఖ్యవల్ల కాదు, ఈ గీతలవల్లే. ముందు నీళ్ళతో కడిగి, తర్వాత మెత్తటి నూలుగుడ్డతో అద్దాలి. జోడుతోపాటు గట్టి డబ్బా, గుడ్డముక్క ఇవ్వడం, ఈ మాట నోటితో చెప్పడం కూడా దానంలో భాగమే.

ఎవరికి ఏది?

టెక్నీషియన్‌తో కూర్చుని కమిటీకోసం ఒక పద్ధతి రాసుకున్నాం. మీ ఇంట్లోవాళ్ళకి కొనేటప్పుడు కూడా పనికొస్తుంది.

ప్లస్ గానీ, మైనస్ గానీ 3 లోపు పవరున్న పిల్లలకి పాలీకార్బొనేట్ ఇద్దాం. రంగుల ఇబ్బంది వాళ్ళకి దాదాపు తెలియదు. కంటికి రక్షణ మాత్రం పూర్తిగా దక్కుతుంది. ఆ రోజు నేను చెప్పింది వీళ్ళ విషయంలో సరైనదే.

చత్వారం వచ్చిన పెద్దలకి, చదువుకోవడానికి, కుట్టుకోవడానికి సీఆర్-39 చాలు. చవక, శుభ్రం. ఆ మిగిలిన డబ్బు ఇంకొకరికి పనికొస్తుంది.

పవర్ 4 దాటితే టోకు జోడు ఇవ్వకూడదు. మనిషిని కూర్చోబెట్టి పీడీ కొలిచి, ముఖానికి సరిపడే చిన్న ఫ్రేములో 1.60 గానీ, దొరికితే ట్రైవెక్స్ గానీ వేయించాలి.

8, 10 పవర్ల వాళ్ళకి మందం, బరువు కూడా బాధే కాబట్టి 1.67 వంటి పలుచటి లెన్స్ అవసరం కావచ్చు. అప్పుడు ఏఆర్ కోటింగ్ తప్పనిసరి. కళ్ళు పక్కకి తిప్పకుండా తల తిప్పి చూడమని కూడా చెప్పాలి. కేంద్రంలోంచి చూస్తే రంగులు విడిపోవు.

ఒక కన్ను మాత్రమే పనిచేసేవాళ్ళకి, వెల్డింగ్, గ్రైండింగ్, మెకానిక్ పనులు చేసే కుర్రాళ్ళకి పవర్ ఎంతున్నా రక్షణే ముందు. పాలీకార్బొనేట్ గానీ, ట్రైవెక్స్ గానీ ఇవ్వాలి. అంచున కాస్త రంగు కనిపించినా ఫరవాలేదు, ఉన్న కన్ను పోకూడదు. అయితే వెల్డింగ్ వెలుగుకు వేరే నల్లటి షీల్డు ఉండాల్సిందే. ఏ కళ్ళజోడూ దాని పని చేయదు.

మీరే చేయగల పరీక్ష

మీ జోడు పెట్టుకుని పగటిపూట కిటికీ ఊచలను చూడండి. వెలుతురుకి ఎదురుగా నల్లటి ఊచ అంచు బాగా కనిపిస్తుంది. ముందు నేరుగా చూడండి. తర్వాత తల పక్కకి తిప్పి, కళ్ళు మాత్రం ఊచ మీదే ఉంచండి. లెన్స్ అంచులోంచి చూసినప్పుడు మాత్రమే ఊచకి ఒకవైపు నీలం, మరోవైపు పసుపో ఎరుపో కనిపిస్తే అది పదార్థం గుణం. పెద్ద పవర్లలో కొంత తప్పదు. నేరుగా చూసినా రంగు కనిపిస్తే కేంద్రం కుదరలేదని అనుమానించాలి. జోడు తెచ్చిన చోటికే తీసుకెళ్ళి పీడీ సరిచూడమనండి.

ఈ పరీక్షకి సూర్యుణ్ణి మాత్రం ఎప్పుడూ వాడకండి. పిల్లలకి కూడా గట్టిగా చెప్పండి.

దాతలకు ఒక మనవి

మీరు ఇచ్చిన ప్రతి రూపాయికీ లెక్క చెప్పడం మా బాధ్యత. ఇంతవరకు ఆ లెక్క ‘ఇన్ని జోళ్ళు పంచాం’ అన్న అంకెతో ముగిసేది. నా సంచిలో ఆ అమ్మాయి పాత జోడు ఇంకా ఉంది. ఆ ఏటి నివేదికలో అది కూడా పంచిన జోళ్ళ లెక్కలోనే ఉంది. ఆ జోడు ముఖం మీద లేదు, సంచిలో ఉంది. ఆ సంగతి నివేదికలో రాలేదు.

అందుకని కమిటీకి రెండు పనులు ప్రతిపాదించాను, పెద్దలు ఒప్పుకున్నారు. ఒకటి, ప్రతి జోడు వివరంలో పవర్‌తోపాటు లెన్స్ పదార్థం, పీడీ రాయడం. రెండు, పంపిణీ చేసిన నెల తర్వాత ఫోను చేసో, బడికి వెళ్ళో ఒకే ప్రశ్న అడగడం: “జోడు పెట్టుకుంటున్నావా? లేకపోతే ఎందుకు?” జవాబు చెప్పడానికి వాళ్ళు మొహమాటపడతారు. మనమే తిప్పి తిప్పి అడగాలి. ఈ రెండో పనికి మాకు డబ్బుకన్నా మనుషులు కావాలి. నెలకి ఒక పూట కేటాయించగల దాతలు, వాళ్ళ ఇంట్లోని కాలేజీ పిల్లలు ముందుకు రావాలని కోరుతున్నాను.

ఆ అమ్మాయి ఇప్పుడు తొమ్మిదో తరగతి. మొన్న కాంతి పాఠంలో పట్టకం గురించి చెబుతూ, తెల్లకాంతి రంగులుగా విడిపోవడం ఎవరైనా చూశారా అని అడిగాను. అందరూ ఇంద్రధనుస్సు అన్నారు. ఆమె చెయ్యెత్తి, “నేను నల్లబల్ల మీద చూశాను సార్” అంది. తరగతంతా నవ్వింది. నేను నవ్వలేదు. ఆ రోజు ఆమె చెప్పినప్పుడే వినివుంటే మూడు నెలల చదువు పోయేది కాదు.